ఇద్దరు సారథులు

మన భాషలో రెండు నానుడులున్నవి. రెండూ భారతం నుంచి వచ్చినవే. పని చేయవలసిన చోట చేయని మనిషిని ఎత్తిపొడవటానికే రెండింటినీ వాడుకుంటున్నాము. పక్కనే ఉండి మనసు విరిచే మాటలు ఆడేవానిది శల్యసారథ్యం. ఇంట కూర్చుండి కోటలు దాటే మాటలు చెప్పి, తీరా పని ఎదురైనప్పుడు మొగం చాటు చేసేవానివి ఉత్తరకుమార ప్రగల్భాలు. బడిలో గాని, కచేరీలో గాని, పదిమందిని ముందుండి నడిపించవలసినవారు తమ కిందివారిని గూర్చి మాట్లాడుకొనేటప్పుడు ఈ రెండు మాటలూ దొర్లకుండా ఉండవు.

కొంతకాలం క్రిందట ఒక సభలో ఒక ప్రధానోపాధ్యాయులు నా పక్కన కూర్చున్నారు. మాటల మధ్య ఆయన అన్నారు: “మా బడిలో పదకొండుగురం మాస్టారూ. నన్ను తీసివేస్తే పదిమంది. అందులో ముగ్గురు శల్యులు, ఐదుగురు ఉత్తరకుమారులు. నేను ఎవరిని నమ్ముకొని యుద్ధానికి పోను?” చుట్టూ ఉన్నవారందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. ఇంటికి వచ్చిన తర్వాత ఆ మాట మళ్ళీ గుర్తుకు వచ్చి, ఈసారి నవ్వు రాలేదు. ఆయన చెప్పిన ఇద్దరూ సారథులే గదా! ఒకడు కర్ణునికి, ఒకడు అర్జునునికి రథం తోలినవాడు. ఇద్దరూ ఇష్టం లేకనే పగ్గాలు పట్టినవారు. అందులో ఒక రథం గెలిచి ఊరికి తిరిగివచ్చినది. రెండవ రథచక్రం నేలలో దిగబడిపోయినది. కర్ణుని చావుకు శాపాలు మొదలుకొని ఎన్నో కారణాలు చెప్పినారు. వాటి జోలికి నేను పోవటం లేదు. నా సందేహమల్లా ఒక్కటే. మనం సారథులను మాత్రమే నిందించి నానుడులు చేసుకున్నాము. రథికుల సంగతి ఏమిటి?

శల్యుడు మద్రదేశపు రాజు. మాద్రికి అన్న, నకుల సహదేవులకు మేనమామ. యుద్ధం తప్పదని తెలిసి, సేనను వెంటబెట్టుకొని పాండవుల పక్షాన నిలవటానికే బయలుదేరినాడు. దారిపొడుగునా విడుదులు, విందులు అమర్చి ఉన్నవి. ధర్మరాజే ఈ ఏర్పాట్లు చేయించినాడనుకొని పొంగిపోయినాడు. ఇంత బాగా మర్యాద చేసినవానికి వరమిస్తానన్నాడు. అప్పుడు చాటు నుంచి దుర్యోధనుడు వచ్చి నిలిచినాడు. నా పక్షాన యుద్ధం చేయుమన్నాడు. మాట ఇచ్చిన రాజు వెనుకకు పోలేకపోయినాడు. పోయి ధర్మరాజుకు సంగతి చెప్పుకున్నాడు. ధర్మరాజు, కర్ణునికి నీవు సారథ్యం చేయవలసివచ్చిన నాడు అతని ఉత్సాహం తగ్గించుమని కోరినాడు, దానికీ సరేనన్నాడు. అంటే ఆ మనిషి మర్యాదలకు లొంగి ఒకరి కొలువులో చేరినాడు, మనసు మరొకచోట వదిలి వచ్చినాడు. ఇట్టి చేరికలు నేటి ఉద్యోగాలలో ఎన్ని లేవు!

యుద్ధం పదిహేడవ నాడు కర్ణునికి సారథి కావలసివచ్చినది. అర్జునునికి కృష్ణుడున్నాడు గనుక తనకు శల్యుడు కావలెనన్నాడు కర్ణుడు. శల్యుడు మండిపడినాడు. కిరీటం పెట్టుకున్న రాజును సూతుని ఇంట పెరిగినవానికి రథం తోలుమంటారా అని లేచి పోబోయినాడు. ఆ కులగర్వాన్ని సమర్థించటం నా పని కాదు. అతడు అది అవమానమనుకున్నాడన్నది మాత్రం మనకు ముఖ్యం. దుర్యోధనుడు బతిమాలినాడు, పొగడినాడు. త్రిపుర సంహారంలో శివునికి బ్రహ్మ సారథ్యం చేసిన కథ చెప్పి, రథికునికంటె సారథే గొప్పవాడన్నాడు. పొగడ్తకు శల్యుడు మెత్తబడినాడు. కాని ఒక షరతు పెట్టినాడు: నా నోటికి వచ్చినదెల్లా నేను అంటాను, కర్ణుడు ఓర్చుకోవలెను. ఒప్పుకున్నారు. షరతులతో పగ్గాలు పట్టినవాడు ఆ షరతులనే తోలుతాడు గాని గుర్రాలను తోలడు.

తర్వాతి కథ అందరికీ తెలిసినదే. శల్యుడు కర్ణుని కించపరచినాడు. ఎంగిళ్ళు తిని బలిసిన కాకి హంసలతో పందెం వేసుకొని సముద్రం మీద ఎగిరి మునగబోయిన కథ చెప్పినాడు. మనం శల్యసారథ్యమని చెప్పుకొనేది ఈ భాగమే. అయితే కర్ణుడేమి చేసినాడు? మద్రదేశాన్ని, అక్కడి ఆడవారిని, మగవారిని, వారి తిండిని, నడవడిని నోరారా తిట్టినాడు, చంపుతానని బెదిరించినాడు. దుర్యోధనుడు మధ్య నిలిచి ఇద్దరికీ సర్ది చెప్పవలసి వచ్చినది. శత్రువు ఎదుట నిలిచి ఉండగా నాయకుడు తన సారథి పుట్టుపూర్వోత్తరాలను తవ్వుతూ కూర్చున్నాడన్న మాట.

ఈ కథలో మనం మరచిపోయినవి రెండున్నవి. నేను ఇంతదూరం చెప్పుకొని వచ్చినది వాటి కోసమే.

మొదటిది: కర్ణుడు సర్పముఖాస్త్రాన్ని అర్జునుని మెడకు గురిపెట్టినప్పుడు, ఈ గురి కుదరదు, సరిచూచి వేరొక బాణం సంధించుమని శల్యుడే హెచ్చరించినాడు. కర్ణుడు ఒకసారి తొడిగిన బాణాన్ని మార్చడని రథికుడు సమాధానం చెప్పినాడు. కృష్ణుడు రథాన్ని నేలకు అణచినాడు. బాణం మెడను తప్పి కిరీటాన్ని ఎగురగొట్టి పోయినది. ఉదయం నుంచీ ఎత్తిపొడుస్తూ వచ్చిన మనిషి అసలైన వేళకు పని తెలిసినవాని మాట ఒకటి చెప్పినాడు. వినేవారు లేకపోయినారు.

రెండవది: కర్ణుడు పడిన మరునాడు శల్యుని సేనాపతిని చేసినారు. ఆనాడు అతడు ఎవరినీ ఎత్తిపొడవలేదు. ధర్మరాజు చేతిలో పడిపోయేదాకా పూర్తి మనసుతో, పూర్తి బలంతో యుద్ధం చేసినాడు. అప్పటికి కౌరవ సేనలో మిగిలినది కొద్దిమందే. గెలుపు ఆశ దాదాపు లేదు. అయినా చేసినాడు. పదిహేడవ నాటి శల్యుడు, పద్దెనిమిదవ నాటి శల్యుడు ఒక్క మనిషే. ఒక్క రాత్రిలో అతని స్వభావం మారిపోయినదందామా? అతనికి అప్పగించిన పని మారినది.

ఇక్కడ ఒక పరదేశపు ముచ్చట. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికను మనస్తత్త్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి 1959లో ఒక గ్రంథం వెలువరించినాడు. పిట్స్‌బర్గ్ ప్రాంతంలోని సుమారు 200 మంది ఇంజనీర్లను, జమాఖర్చుల ఉద్యోగులను కూర్చుండబెట్టి, మీ ఉద్యోగంలో మీకు మిక్కిలి సంతోషం కలిగిన సందర్భం చెప్పండి, మిక్కిలి విసుగు పుట్టిన సందర్భం చెప్పండి అని అడిగినారట. విసుగు పుట్టించినవి పైవారి అజమాయిషీ, సంస్థ నిబంధనలు, జీతం, పనిచేసే చోటు మొదలైనవి. సంతోషం కలిగించినవి వేరు: ఒక పనిని సాధించటం, దానిని నలుగురూ గుర్తించటం, పనిలోని రుచి, తన మీద పెట్టిన బాధ్యత. మొదటి రకం కొరతలను తీర్చినంత మాత్రాన గొణుగుడు తగ్గుతుందే గాని పని మీద ప్రేమ పుట్టదని ఆయన తేల్చినాడు. ఈ విభజన అంత సూటిగా కుదరదని తర్వాతివారు ఆక్షేపించినారు. మంచి జరిగితే నా గొప్ప, చెడు జరిగితే చుట్టూ ఉన్నవారి తప్పు అనటం మనిషి సహజగుణమే గదా అన్నారు. ఆ ఆక్షేపణ ఆలోచించదగినదే. అయినా దుర్యోధనుని విడుదులూ విందులూ చూస్తే హెర్జ్‌బర్గ్ మాటలో సత్యం లేకపోలేదనిపిస్తుంది. విందు శల్యుణ్ణి చేర్చినది, పని చేయించలేదు. మన బళ్ళలో ఏడాదికొకసారి కప్పే శాలువలను గూర్చి కూడ ఇదే చెప్పవచ్చు, ఎవరూ కోపగించుకోకపోతే.

ఇక ఉత్తరుడు. కౌరవులు ఆవులను తోలుకొని పోతున్నారని గొల్లలు వచ్చి చెప్పినప్పుడు అంతఃపురంలో ఆడవారి నడుమ కూర్చుండి, సారథి ఒక్కడు దొరికితే చాలును, భీష్మద్రోణులను అటే పంపుతానన్నవాడు. సారథిగా బృహన్నల దొరికినది. సేనను కంటితో చూచేసరికి ఒళ్ళు గగుర్పొడిచి రథం మీద నుంచి దూకి పరుగెత్తినాడు. అర్జునుడు జడ ఊగులాడుతుండగా వెంటపడి పట్టుకున్నాడు. బంగారమిస్తాను, ఏనుగులిస్తాను, నన్ను వదలివేయుమని ఉత్తరుడు ఏడ్చినాడు.

ఆ సమయంలో అర్జునుడు చేయగలిగినవి ఎన్ని ఉన్నవి? ఊరిలో నీవు ఏమన్నావో గుర్తున్నదా అని దెప్పవచ్చును. దెప్పినాడు కూడ, మొదట ఒకసారి. దాని ఫలితమే ఆ పరుగు. చీ పొమ్మని వదలివేయవచ్చును. అతడు ఈ రెండూ మాని, నీకు యుద్ధం చేత కాకపోతే గుర్రాలను తోలుము, యుద్ధం నేను చేస్తానన్నాడు. ఇందులో ఉన్న నేర్పు ఎంతటిదో చూడండి. వానికి చేతకాని పనిని వాని మీద నుంచి తీసివేసినాడు గాని వానిని పని నుంచి తీసివేయలేదు. జమ్మిచెట్టు ఎక్కి ఆయుధాలు దింపుమన్నాడు. శవం కట్టి ఉన్నదని జంకితే, అవి ధనుస్సులే గాని శవం కాదని ఉన్న నిజం చెప్పినాడు. తానెవరో చెప్పినాడు; తన పది పేర్లకూ అర్థాలు అడిగితే ఓపికగా వివరించినాడు. సేన ఎదురుగా ఉన్నది, పొద్దుపోతున్నది, అయినా విసుగుకోలేదు. అప్పుడు ఉత్తరుడు ఏమన్నాడో గుర్తు చేసుకోండి. రథం తోలటంలో నాకు మంచి నేర్పున్నదన్నాడు! పొద్దుటి నుంచీ ప్రగల్భాలు పలికినవాడు చెప్పిన మొదటి నిజమైన మాట అది. యుద్ధం నడుమ మళ్ళీ ఒకసారి అతని ధైర్యం జారినది; అర్జునుడు మళ్ళీ నిలబెట్టినాడు. ఒక్కసారి చెప్పితే చాలునని అనుకొనే పెద్దలు ఈ ఘట్టం చూడవలెను. గెలిచిన తర్వాత ఆయుధాలను మళ్ళీ చెట్టు మీద పెట్టి, గెలుపు నీదేనని ఊరిలో చెప్పుకొమ్మన్నాడు. తన అజ్ఞాతవాసం కోసమే అన్నాడు, నిజమే. అయినా కిందివాడు చేసిన పనిని కూడ తన లెక్కలో వ్రాసుకొనే పెద్దలను చూచిన కళ్ళకు ఆ ఘట్టం వింతగానే ఉంటుంది.

పురాణం చెప్పటం సులభం. నా సంగతి చెప్పుకుంటాను.

కొన్నేళ్ళ క్రిందట ఇంటర్మీడియట్ తెలుగు జవాబుపత్రాల స్పాట్ వాల్యుయేషన్‌కు నన్ను చీఫ్ ఎగ్జామినరుగా వేసినారు. వేసవి. రేకుల కప్పు కింద పొడవైన హాలు. నా బల్ల దగ్గర ఐదుగురు ఎగ్జామినర్లు. ఉదయం పదిహేను పత్రాలు, మధ్యాహ్నం పదిహేను. వారు దిద్దినవాటిలో కొన్నింటిని నేను తిరిగి చూచి సరిపోల్చవలెను. మొదటి రోజు సాయంత్రం ఒకరి కట్ట విప్పి చూస్తే, సందర్భసహిత వ్యాఖ్యలలో ప్రతి పత్రానికీ ఒకే మార్కు. ఒక పిల్ల కవిపరిచయం, సందర్భం, భావం చక్కగా వ్రాసినది. మరొకడు ప్రశ్ననే తిరిగి ఎక్కించినాడు. ఇద్దరికీ సమానమే. చదవకుండా వేసినారని తెలుస్తూనే ఉన్నది. మరునాడు ఉదయం, నలుగురూ వింటుండగానే, “ఇంత అలసత్వమైతే ఎట్లాగండీ? జీతం తీసుకోవటం లేదా?” అన్నాను. ఆయన తల ఎత్తలేదు. ఆ పూట మరింత వేగంగా దిద్దినారు. మద్రదేశాన్ని తిట్టిన కర్ణునికీ నాకూ ఆ ఉదయం భేదం లేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆయన ఒక్కరే మెట్ల మీద కూర్చుండి ఉంటే పోయి పక్కన కూర్చున్నాను. నలుగురిలో అన్నందుకు మన్నించుమన్నాను. చాలాసేపటికి నోరు విప్పినారు. “క్రిందటి ఏడు ఒక్కొక్క పత్రం రెండుసార్లు చదివి దిద్దినాను సార్. పై ఆయన నాతో ఒక్క మాట చెప్పకుండా సగం పత్రాలలో మార్కులు కొట్టి వేరే వేసినారు. ఎందుకని అడిగితే, పైనుంచి చెప్పినట్లు చేయండి అన్నారు. నేను వేసిన మార్కుకు విలువ లేనప్పుడు చదివితేనేమి, చదవకపోతేనేమి?”

ఆ మాటలో తప్పున్నది. పత్రం వ్రాసిన పిల్లకు ఆ పై ఆయనతో పని లేదు. ఆమె ఏడాది కష్టం ఈయన చేతిలో ఉన్నది. ఆ సంగతి చెప్పినాను. కాని దానికి ముందు మరొక మాట ఇచ్చినాను: మీరు వేసిన మార్కును మీతో కూర్చుండి మాట్లాడకుండా నేను మార్చను. ఆ మధ్యాహ్నం ఇద్దరం కలిసి మూడు పత్రాలు చదివినాము. ఒకచోట మా అభిప్రాయాలు కలియలేదు. ఆయన చెప్పిన కారణం నాదానికంటె బాగున్నది; ఆయన మార్కే ఉంచినాము. సాయంత్రం ఆయనే, నిన్న ఉదయం దిద్దిన పదిహేను పత్రాలూ మళ్ళీ చూడవచ్చునా అని అడిగినారు. క్యాంపు అధికారిని బతిమాలి కట్ట తెప్పించినాను. దీపాలు పెట్టేదాకా ఇద్దరం కూర్చున్నాము. ఏడు పత్రాలలో మార్కులు మారినవి. ఒకటి తప్పినది కాస్తా గట్టెక్కినది.

అందరితోనూ ఇట్లే జరుగుతుందని చెప్పితే అబద్ధమవుతుంది. అదే బల్ల దగ్గర మరొకరున్నారు. ఆలస్యంగా వచ్చేవారు, ఫోను పట్టుకొని బయటికి పోయేవారు. ఆయనతోనూ మెట్ల మీద కూర్చున్నాను. నవ్వి, “అంతా ఇంతే సార్, మీరే కొత్తగా పట్టించుకుంటున్నారు” అన్నారు. పని మార్చి ఇచ్చినాను, పక్కన కూర్చున్నాను, రెండుసార్లు మెత్తగా, ఒకసారి గట్టిగా చెప్పినాను. ఆయన మిగిల్చిన పత్రాలను తక్కిన నలుగురూ పంచుకొని దిద్దుతున్నారు. నాలుగవ నాడు వారిలో ఒకరు కలం కింద పెట్టి, “ఆయన పని చేయకపోయినా గడుస్తున్నది గదా, మేమెందుకు చేయాలి?” అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ పూటే క్యాంపు అధికారికి వ్రాతపూర్వకంగా తెలిపినాను. ఆయనను తప్పించి వేరొకరిని వేసినారు. ఈ పని రెండు రోజుల ముందే చేయవలసింది. మంచితనం అనుకొని నేను చేసిన ఆలస్యాన్ని మోసినవారు ఆ నలుగురు. ఓపిక పట్టవలసిన చోట కోపగించుకున్నాను, కఠినంగా ఉండవలసిన చోట ఓపిక పట్టినాను. ఒకే బల్ల దగ్గర, ఒకే వారంలో.

విద్యార్థులు ఇది పెద్దల గొడవ అని పుట తిప్పవద్దు. తరగతి నాయకుడుగానో, వార్షికోత్సవ నాటకానికి సూత్రధారుడుగానో మీరూ ఎప్పుడో ఒకప్పుడు పగ్గాలు పట్టనివానితో రథమెక్కవలసినదే. ఐదుగురు కలిసి చేయవలసిన ప్రాజెక్టులో ఇద్దరు చేసి ముగ్గురు పేర్లు వ్రాయించుకోవటం మీకు తెలియనిది కాదు. ఆ ముగ్గురిలో బొమ్మలు బాగా వేయగలవాడు ఉండి, వానిచేత లెక్కలు వేయించలేదు గదా అని ఒక్కసారి చూడండి. చూచిన తర్వాత కూడ వాడు చేయకపోతే వాని పేరు వ్రాయవద్దు.

ఉపాధ్యాయులకు నేను కొత్తగా చెప్పవలసినది లేదు. ఇప్పుడు మనం బడికి వచ్చినామో లేదో సెల్‌ఫోను ముఖం చూచి చెప్పుతున్నది. మనసు వచ్చినదో లేదో చూచే పని మాత్రం ఇప్పటికీ పక్కనున్న మనిషిదే.

మొన్న ఆ ప్రధానోపాధ్యాయులు మళ్ళీ కనిపించినారు. ఈ కథలన్నీ, శల్యుని పద్దెనిమిదవ నాటి యుద్ధంతో సహా, ఆయనకు చెప్పినాను. కొంతసేపు ఊరుకున్నారు. తర్వాత తాను శల్యుడన్న ముగ్గురిలో ఒకరిని తలచుకొని, “ఆయన వచ్చిన కొత్తలో పిల్లలచేత నాటకాలు ఆడించేవారు మాస్టారూ. సాయంత్రం ఏడింటిదాకా బడిలోనే ఉండేవారు. పదవ తరగతి ఫలితాలు పడిపోతాయని నేనే మాన్పించినాను” అన్నారు.